రెండు బిల్డింగుల మధ్య 460 మీటర్లు: క్యాట్ 6 లాగి మధ్యలో స్విచ్‌లు పెడితే సరిపోతుందా?

కొత్తమొక్క
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు. నేను నెట్‌వర్క్ ఇంజనీరుని కాదండీ. మా సంస్థలో అకౌంట్స్ చూస్తాను. కంప్యూటర్ల గురించి కాస్త తెలుసన్న పాపానికి ఈ పని కూడా నా నెత్తిన పడింది.

సంగతి ఇదీ. మాకు పాత బిల్డింగ్ ఒకటి ఉంది, సర్వర్, బ్రాడ్‌బ్యాండ్ అన్నీ అందులోనే. అదే కాంపౌండులో వెనక కొత్త బిల్డింగ్ కట్టారు. తిన్నగా కొలిస్తే 310 మీటర్లు. కేబుల్ వెళ్ళగల దారిలో, అంటే గోడ పక్కన పాత పైపు ఉన్న దారిలో కొలిస్తే 460. కొత్త దాంట్లో 40 కంప్యూటర్లు, 12 కెమెరాలు, 8 ఐపీ ఫోన్లు వస్తాయి. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ పాత బిల్డింగులోని సర్వర్ మీదే నడవాలి.

క్యాట్ 6 (రాగి నెట్‌వర్క్ కేబుల్) 100 మీటర్లు దాటకూడదని చదివాను. అందుకే ప్రతి 90 మీటర్లకీ ఒక చిన్న స్విచ్ పెట్టి, దాన్ని డబ్బాలో బిగించి గోడకి కొడదామనుకుంటున్నాను. లెక్క ప్రకారం ఐదు స్విచ్‌లు చాలు. ఇందులో ఏమైనా తప్పుందా?

తీగలపని
ఉంది. వద్దు.

ఐదు స్విచ్‌లంటే ఐదు చోట్ల కరెంటు, ఐదు అడాప్టర్లు, ఎండకి ఉడికే ఐదు డబ్బాలు. వాటిలో ఏ ఒక్కటి పోయినా లింకు మొత్తం పోతుంది. వానలో నిచ్చెనేసుకుని, పోయింది ఏ డబ్బానో వెతుక్కోవాల్సింది మీరే.

సింగిల్ మోడ్ ఫైబర్ (వెలుగుతో డేటా పంపే సన్నటి గాజు పోగు) లాగండి. ఒకే ముక్క, మధ్యలో ఏమీ ఉండదు.

ఎర్త్‌పిట్
కొత్తమొక్క గారూ, తీగలపని గారు చెప్పింది నిజమే గానీ అసలు కారణం అది కాదు. మీ కేబుల్ 80 మీటర్లే అయినా రెండు బిల్డింగుల మధ్య రాగి వద్దనే అంటాను.

నేను కరెంటు వైపు మనిషిని. రెండు బిల్డింగులకీ వేరువేరు ఎర్త్ గుంతలు ఉంటాయి కదా. భూమి ఒక్కటే అయినా ఆ రెండు గుంతల వోల్టేజీ ఒకటి కాదు. మామూలు రోజుల్లో తేడా కొన్ని వోల్టులు. దగ్గర్లో పిడుగు పడిందనుకోండి, ఒక బిల్డింగ్ ఎర్త్ ఆ క్షణానికి వేల వోల్టులకి లేస్తుంది, రెండోది లేవదు. మధ్యలో మీరు లాగిన రాగి తీగ ఉందంటే ఆ తేడా దాని గుండా పారడానికి చూస్తుంది. ఈథర్నెట్ పోర్టులో (నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే చోట) చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. ప్రమాణం ప్రకారం అవి 1500 వోల్టుల పరీక్షకి తట్టుకోవాలి. పిడుగు ముందు అదెంత!

ఇంకో మాట. చాలామంది "షీల్డెడ్ కేబుల్ వేస్తే సేఫ్" అంటారు. రెండు వైపులా షీల్డుని ఎర్త్ చేశారంటే ఆ షీల్డే రెండు ఎర్త్‌లనీ కలిపే తీగ అవుతుంది. రోగం కంటే మందే ప్రమాదం.

ఫైబర్ గాజు. కరెంటు పారదు. ఇక దూరం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

గాలిమేడ
అందరూ తవ్వకాల మీదే ఉన్నారేంటి బ్రో 😀 310 మీటర్లు, ఒకే కాంపౌండు, మధ్యలో అడ్డం లేకపోతే రెండు డాబాల మీద రెండు రేడియోలు పెడితే ఒక పూటలో పని అయిపోతుంది. 5 గిగాహెర్ట్జ్ పాయింట్ టు పాయింట్. తవ్వేది లేదు, లాగేది లేదు.

ఒక డాబా మీద నిలబడితే రెండో డాబా కనిపిస్తుందా?

కొత్తమొక్క
ఎర్త్‌పిట్ గారూ, ఈ సంగతి నాకు అసలు తెలియదు. పోయిన వానాకాలంలో మా సెక్యూరిటీ గదికి లాగిన కేబుల్ చివర స్విచ్ మాడిపోయింది. "నాసిరకం స్విచ్" అని తిట్టుకుని కొత్తది పెట్టాం. ఇప్పుడు అర్థమవుతోంది.

గాలిమేడ గారూ, కనిపిస్తుంది. కాకపోతే మధ్యలో రెండు పెద్ద చెట్లున్నాయి. వాటి పైనుంచి చూస్తే అవతలి వాటర్ ట్యాంకు కనిపిస్తోంది.

గాలిమేడ
ఇక్కడే అందరూ బోల్తా పడతారు. కంటికి కనిపిస్తే చాలనుకోకండి. రేడియో తరంగం దారం లాగా వెళ్ళదు, మధ్యలో లావుగా ఉండే దోసకాయ ఆకారంలో వెళ్తుంది. దాన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. మధ్యలో దాని వ్యాసార్థం మీటర్లలో కావాలంటే, దూరాన్ని కిలోమీటర్లలో తీసుకుని ఫ్రీక్వెన్సీతో గిగాహెర్ట్జ్‌లో భాగించి, వర్గమూలం కట్టి, 8.66తో గుణించాలి. మీ 310 మీటర్లకి, 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 2 మీటర్లు వస్తుంది. అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలి. అంటే చూపు గీతకి కింద దాదాపు మీటరుంపావు దాకా ఆకు కూడా తగలకూడదు.

చెట్టు పైనుంచి "కనిపిస్తోంది" అంటున్నారు గదా, ఎంత పైనుంచి? అరమీటరే అయితే ఇవాళ పనిచేస్తుంది. వాన పడి ఆకులు తడిసి బరువెక్కిన రోజు పడిపోతుంది. చెట్టు పెరుగుతుంది కూడా, మన రేడియో పెరగదు.

పైపు పెట్టి ఎత్తు పెంచితే చేయొచ్చు. 60 గిగాహెర్ట్జ్ రేడియోలకైతే ఇదే దూరానికి ఆ దోసకాయ 60 సెంటీమీటర్లే. గిగాబిట్ కూడా ఇస్తాయి. ఆ ఫ్రీక్వెన్సీని గాలిలోని ఆక్సిజనే కిలోమీటరుకి దాదాపు 15 డెసిబెల్స్ మింగేస్తుంది, 310 మీటర్లకి అది పెద్ద సమస్య కాదు. జోరువాన మాత్రం సమస్యే.

తీగలపని
వైర్‌లెస్ అంటారు గానీ డాబా మీది రేడియోకి కిందినుంచి వెళ్ళేది రాగి కేబులే. పవర్ కూడా అందులోనే. పిడుగుకి మొదటి మెట్టు అదే. సర్జ్ అరెస్టర్లు (పిడుగు వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్ళించేవి) పైనా కిందా, పైపుకి ఎర్త్ లేకుండా ఎక్కించి, మరుసటి వారం ఫోన్ చేసి ఏడ్చినవాళ్ళని చాలామందిని చూశాను.

పాత పైపు ఉందన్నారుగా. అందులో ఏముంది? మూత తీసి చూడండి.

పాతచెట్టు
రాగి మీద 460 మీటర్లు అసాధ్యమేమీ కాదు పిల్లలూ. 1973లో మెట్‌కాఫ్, బాగ్స్ వాళ్ళు జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల 'పార్క్'లో మొదలుపెట్టిన ఈథర్నెట్ తర్వాత ప్రమాణంగా మారినప్పుడు మందపాటి కోయాక్స్ కేబుల్ మీద నడిచేది. 10బేస్5 అనేవాళ్ళం. ఆ 5 అంటే 500 మీటర్లు. కొత్తమొక్క గారి దూరం ఒకే ముక్కలో పోయేది! వేగం మాత్రం 10 మెగాబిట్లు, అదీ అందరికీ కలిపి. కేబుల్ మీద 2.5 మీటర్లకో గుర్తు, ఆ గుర్తు దగ్గరే పన్నులాంటి మొన గుచ్చి కంప్యూటర్‌ని తగిలించాలి. తర్వాత సన్న కోయాక్స్ వచ్చింది, 185 మీటర్లు. చివర 50 ఓమ్‌ల టెర్మినేటర్ ఎవరైనా ఊడబీకితే ఆఫీసు మొత్తం బంద్. ఊడ్చేవాళ్ళ చీపురు తగిలి ఊడిన రోజులు నాకింకా గుర్తే.

సరే, మీ పని చూసుకోండి.

కొత్తమొక్క
మూత తీశాను. లోపల నారింజ రంగు కేబుల్ ఒకటి ఉంది! రెండు చివర్లా చుట్టలు చుట్టి గోడలోని పెట్టెలో వదిలేశారు. మీద "62.5/125" అని రాసుంది. పాత స్టాఫ్‌ని అడిగితే ఎప్పుడో ఏదో ప్రాజెక్టు కోసం వేశారు, వెనక షెడ్డు దాకా ఉండేది అన్నారు. ఆ షెడ్డు కూల్చిన చోటే కొత్త బిల్డింగ్.

అంటే పని అయిపోయినట్టేనా? 😃

తీగలపని
సగం.

అది మల్టీమోడ్, ఓఎం1 రకం, పాతది. కోర్ మందం 62.5 మైక్రాన్లు. సింగిల్ మోడ్‌కి ఆ కోర్ 9 మైక్రాన్లే ఉంటుంది. లావుగా ఉంటే ఎక్కువ వెలుగు పడుతుంది కదా, మంచిదేగా అనిపిస్తుంది. తిరకాసు అక్కడే. లావు దారిలో వెలుగు అనేక రకాలుగా వంకర్లు తిరుగుతూ పోతుంది, కొన్ని కిరణాలు ముందు చేరతాయి, కొన్ని వెనక. వేగం పెంచేకొద్దీ ఒక బిట్టు తోక ఇంకో బిట్టు తల మీద పడుతుంది.

ఓఎం1 మీద మామూలు గిగాబిట్ ఎస్‌ఎక్స్ మాడ్యూల్ (స్విచ్‌లో గుచ్చే, వెలుగు పంపి అందుకునే ముక్క) 275 మీటర్ల దాకానే. మీది 460. ఎల్‌ఎక్స్ మాడ్యూల్ పెట్టి, రెండు చివర్లా మోడ్ కండిషనింగ్ ప్యాచ్ కార్డ్ (వెలుగు సరైన చోట పడేలా చేసే చిన్న కేబుల్) వేస్తే 550 దాకా లాగొచ్చు. 100 మెగాబిట్‌కైతే అసలు గొడవే లేదు, ఫుల్ డ్యూప్లెక్స్‌లో (రెండు వైపులా ఒకేసారి పంపే పద్ధతిలో) 2 కిలోమీటర్లు పోతుంది.

ముందు అది బతికుందో లేదో చూడాలి. ఎర్ర లైటు పెన్ను ఒకటి ఉంటుంది, ఒక చివర పెడితే రెండో చివర ఎర్రగా వెలగాలి.

సున్నాఒకటి
ఫోన్ కెమెరా పెట్టి చూస్తే కూడా ఫైబర్‌లో వెలుగు కనిపిస్తుంది అంటారు, నిజమేనా?

తీగలపని
850 నానోమీటర్ల మాడ్యూల్‌కి చాలా ఫోన్లలో కనిపిస్తుంది. 1310కి కనిపించదు, కెమెరాలోని సిలికాన్‌కి ఆ వెలుగు అందదు. అందుకని కెమెరాలో కనబడలేదు కాబట్టి లైటు లేదని కన్ను పెట్టి చూశారో, అంతే. కంటికి కనిపించని వెలుగే ఎక్కువ ప్రమాదం, రెప్ప వాల్చాలని కూడా తోచదు. ఎవరూ ఫైబర్ కొసని కంటి దగ్గర పెట్టుకోకండి. అర కిలోమీటరు లింకు అయినా సరే.

రూటింగ్‌రాక్షసుడు
కేబుల్ గురించి 12 పోస్టులు, అడ్రసుల గురించి ఒక్క ముక్క లేదు. కొత్తమొక్క గారూ, రెండు బిల్డింగుల్లోనూ ఐపీ అడ్రసులు ఏమిటి?

కొత్తమొక్క
పాత బిల్డింగులో 192.168.1.తో మొదలయ్యేవి. కొత్త దాంట్లో కాంట్రాక్టర్ తాత్కాలికంగా బ్రాడ్‌బ్యాండ్ రూటర్ పెట్టాడు, అందులో కూడా 192.168.1.1 అనే ఉంది. అన్ని రూటర్లకీ అంతే కదండీ?

రూటింగ్‌రాక్షసుడు
అనుకున్నా. ముందుంది ముసళ్ళ పండగ.

మీరు ఫైబర్ తగిలించిన మరు నిమిషం ఏం జరుగుతుందంటే, 192.168.1.1 అనే పేరుతో ఇద్దరు రూటర్లు, ఇద్దరూ అడ్రసులు పంచిపెట్టేవాళ్ళే. పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే ఎవరు ముందు పలికితే వాళ్ళిచ్చిన అడ్రసు. ఒకే అడ్రసు ఇద్దరికి. "నిన్న పనిచేసింది, ఇవాళ ప్రింటర్ రావట్లేదు" అని ఫోన్లు. మీరేమో ఫైబర్‌ని అనుమానిస్తూ కూర్చుంటారు.

నా సలహా: రెండు బిల్డింగులనీ ఒకే నెట్‌వర్కుగా కలిపేయకండి. కొత్త దానికి వేరే అడ్రసు పరిధి ఇవ్వండి, మధ్యలో రూట్ చేయండి, అంటే అటూఇటూ వెళ్ళేవాటిని అడ్రసు చూసి దాటించాలి. ఉదాహరణకి పాతది 10.1.0.0/16, కొత్తది 10.2.0.0/16. లోపల కంప్యూటర్లకి 10.2.10, ఫోన్లకి 10.2.20, కెమెరాలకి 10.2.30 అని వీల్యాన్‌లు, అంటే ఒకే స్విచ్ లోపల వేరువేరు నెట్‌వర్కులు. చూడగానే ఏ బిల్డింగులో ఏ వస్తువో తెలిసిపోతుంది. రేపు మూడో బిల్డింగ్ వస్తే 10.3.

పాత 192.168.1 ని కూడా మార్చమంటాను. ఇంట్లోంచి వీపీఎన్‌లో (ఇంటర్నెట్ మీద వేసుకునే ప్రైవేటు దారిలో) వచ్చేవాళ్ళ ఇంటి రూటర్ అడ్రసు కూడా అదే అయ్యుంటుంది కాబట్టి ఏదో ఒకరోజు ఎలాగూ మార్చాల్సిందే.

సున్నాఒకటి
50, 60 యంత్రాలకి రూటింగ్ ఎందుకు సార్, అంత హంగామా? ఒకే నెట్‌వర్క్ పెట్టి, రెండో రూటర్‌లో డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచడం) ఆపేస్తే సరిపోదా? నేను అలాగే నడుపుతున్నా, మూడేళ్ళుగా ఏ ఇబ్బందీ లేదు.

రూటింగ్‌రాక్షసుడు
సరిపోతుంది. అబద్ధం చెప్పను. 60 యంత్రాల బ్రాడ్‌కాస్టులు (అందరికీ ఒకేసారి వేసే కేకలు) గిగాబిట్ లింకుకి లెక్కలోకి రావు. సమస్య ట్రాఫిక్ కాదు, తప్పులు. ఒకే నెట్‌వర్క్ అంటే ఒక బిల్డింగులో ఎవరో ఒకే కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో గుచ్చితే రెండు బిల్డింగులూ పడుకుంటాయి. రూట్ చేస్తే ఆ బిల్డింగే పడుకుంటుంది. మీకు మూడేళ్ళలో అలా గుచ్చేవాడు తగల్లేదు, అంతే.

కొత్తమొక్క
ఎర్ర లైటు పెన్ను తెప్పించి చూశాం. పాత కేబుల్‌లో 4 పోగులున్నాయి. రెండు బాగా వెలిగాయి, ఒకటి మసగ్గా, ఒకటి అసలు లేదు.

మేనేజ్‌మెంట్ "పాతది ఉందిగా, కొత్తదెందుకు" అంటోంది. ఏం చెప్పాలి? ఇంకోటి, కొత్తది వేయాల్సి వస్తే పాత కేబుల్‌నే తాడులా వాడి కొత్తది లాగేయొచ్చు కదా అంటున్నాడు మేస్త్రీ.

తీగలపని
మేస్త్రీ మాట వినకండి. పాతది మధ్యలో తెగితే అదీ పోయింది, కొత్తదీ రాదు, పైపులో ముక్క ఇరుక్కుంటుంది. పాతదాన్ని కదపకుండా దాని పక్కనుంచి ఫైబర్‌గ్లాస్ రాడ్ తోసి, నైలాన్ తాడు వేసి, ఆ తాడుతో కొత్తది లాగించండి. తాడు ఇంకోటి కూడా కలిపి లాగి పైపులోనే వదిలేయండి, తర్వాత వచ్చేవాడు మీకు దండం పెడతాడు.

లాగేటప్పుడు జాగ్రత్తలు: బలం కేబుల్ లోపలి నూలు మీద పడాలి గానీ పైతొడుగు మీద కాదు. వంపు వ్యాసార్థం లాగేటప్పుడు కేబుల్ మందానికి 20 రెట్లు, బిగించాక 10 రెట్లు తగ్గకూడదు. పైపులో నీళ్ళుంటాయి కాబట్టి ఆరుబయటకి వాడే జెల్ నింపిన రకమో, నీటిని ఆపే నూలున్న రకమో తీసుకోండి. ఎలుకలుంటే ఆర్మర్డ్. ఆర్మర్ అంటే లోహం, బిల్డింగులోకి రాగానే దాన్ని ఎర్త్ చేయాలి, లేదంటే ఎర్త్‌పిట్ గారు నన్ను కొడతారు.

పోగులు 12 వేయండి. మీకు కావలసింది రెండే. కానీ లాగే శ్రమ రెండింటికైనా పన్నెండింటికైనా ఒకటే. చివర్లలో పదేసి మీటర్లు చుట్ట చుట్టి వదలండి.

మేనేజ్‌మెంట్‌కి చెప్పాల్సింది: పాత దాని మీద ఎంత కుస్తీ పట్టినా గిగాబిట్‌తో ఆఖరు. కొత్త సింగిల్ మోడ్ మీద ఇవాళ గిగాబిట్, రేపు మాడ్యూల్ మారిస్తే 10 గిగాబిట్, కేబుల్ ముట్టుకోనక్కర్లేదు. పాతది బ్యాకప్‌గా ఉంటుంది.

ఎర్త్‌పిట్
కొట్టను, కానీ అసలు లోహం లేని రకం దొరికితే అదే వేయండి. ఎలుకల్ని ఆపడానికి గాజు నూలు చుట్టిన రకాలు ఉంటాయి.

మసకవెలుతురు
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాదీ ఇదే సమస్య, కానీ దూరం 3.2 కిలోమీటర్లు. మధ్యలో పబ్లిక్ రోడ్డు, ఇళ్ళు, వేరేవాళ్ళ స్థలాలు. తవ్వే ప్రసక్తే లేదు. రెండు చోట్లా మామూలు ఇంటర్నెట్ కనెక్షన్ ఉంది. ఏం చేయాలి?

గాలిమేడ
నా పండగ వచ్చింది 😀

రెండు బిల్డింగులూ ఎత్తైనవేనా? 3.2 కిలోమీటర్లకి 5.8 గిగాహెర్ట్జ్‌లో మధ్యలో వ్యాసార్థం 6.4 మీటర్లు. 60 శాతం అంటే దాదాపు 4. మధ్య ఇళ్ళ పైకప్పుల కంటే మీ చూపు గీత 4 మీటర్లు పైన ఉండాలి, రేపు ఎవరో ఇంకో అంతస్తు వేస్తారన్న లెక్క కూడా వేసుకోండి. గాలిలో నష్టం సుమారు 118 డెసిబెల్స్. రెండు వైపులా 23 డీబీఐ (యాంటెన్నా బలం) డిష్‌లు, 20 డీబీఎం (సిగ్నల్ శక్తి) పవర్ అనుకుంటే అవతల −52 డీబీఎం దగ్గర అందుతుంది, అది చక్కటి సిగ్నల్. ఏ ఛానెల్‌లో ఎంత పవర్ వాడొచ్చన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, బిగించే ముందు అది చూసుకోండి. కొన్ని ఛానెళ్ళలో రేడియో ముందు ఒక నిమిషం రాడార్ ఉందేమోనని చెవులు రిక్కించి వింటుంది, మధ్యలో రాడార్ వినబడితే ఛానెల్ వదిలేసి పారిపోతుంది. లింకు ఉన్నట్టుండి పోయి వస్తుంటే మొదట చూడాల్సింది అదే.

పెట్టె మీద "867 మెగాబిట్లు" అని ఉంటే అందులో సగం వస్తే అదృష్టం. ఒకే ఛానెల్‌లో రెండు వైపులూ వంతులవారీగా మాట్లాడుకుంటాయి.

రూటింగ్‌రాక్షసుడు
చూపు గీత దొరక్కపోతే వీపీఎన్. రెండు చోట్లా రూటర్లలో వైర్‌గార్డ్ గానీ ఐపీసెక్ గానీ పెట్టండి. వైర్‌గార్డ్ 2020లో లైనక్స్ 5.6 కెర్నెల్‌లోకే వచ్చేసింది, అమర్చడం సులువు.

మూడు చూసుకోండి. ఒకటి, రెండు వైపులా అడ్రసులు వేరుగా ఉండాలి, పైన చెప్పినదే. రెండు, కనీసం ఒక వైపు అసలైన పబ్లిక్ ఐపీ ఉండాలి. మీ రూటర్‌కి బయటి అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్యలో ఏదైనా కనిపిస్తే, మీరు కనెక్షన్ ఇచ్చేవాళ్ళ నాట్ (ఒకే పబ్లిక్ అడ్రసుని చాలామందికి పంచే ఏర్పాటు) వెనకాల ఉన్నారని అర్థం. బయటినుంచి మీ తలుపు తట్టడం కుదరదు. రెండో వైపు పబ్లిక్ ఐపీ ఉంటే ఇటునుంచే అటు పిలవచ్చు, 25 సెకన్లకోసారి పలకరిస్తూ ఉంటే దారి మూసుకుపోదు. మూడు, ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం. వైర్‌గార్డ్ తన కవరు వేసుకుంటుంది కాబట్టి 1500కి బదులు 1420 పెడుతుంది. మీది పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే రకం) కనెక్షన్ అయితే ఇంకో 8 తగ్గించండి. "పింగ్ వస్తోంది, సైటు తెరుచుకుంటోంది, పెద్ద ఫైలు మాత్రం వేలాడుతోంది" అంటే నూటికి తొంభై సార్లు ఇదే.

మసకవెలుతురు
ధన్యవాదాలు. వీపీఎన్ ఇదివరకే ఒకసారి పెట్టాం. స్పీడ్ టెస్టులో 80 మెగాబిట్లు వస్తుంది, కానీ షేర్డ్ ఫోల్డర్‌లోని అకౌంట్స్ ఫైలు తెరవాలంటే యుగాలు పడుతుంది. లైను స్పీడు పెంచమంటారా?

రూటింగ్‌రాక్షసుడు
పెంచినా మారదు. మీ జబ్బు స్పీడు కాదు, రానుపోను సమయం. షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైలు తెరిచేటప్పుడు కంప్యూటర్ "ఇది ఉందా? అనుమతి ఉందా? తాళం వేశారా? మొదటి ముక్క ఇవ్వు" అని వందల ప్రశ్నలు అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకి జవాబు వచ్చాకే తర్వాతది. ఇంటర్నెట్ మీద ఒక రానుపోను 20 మిల్లీసెకన్లు, 300 ప్రశ్నలు అనుకుంటే 6 సెకన్లు ఊరికే పోయాయి. ఫైబర్ అయితే వెలుగు కిలోమీటరుకి 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది, కొత్తమొక్క గారి లింకులో అది లెక్కకే రాదు.

మీకు రేడియో లింకు దొరికితే ఇది తీరిపోతుంది. దొరక్కపోతే సాఫ్ట్‌వేర్‌ని సర్వర్ దగ్గరే నడిపి, రిమోట్ డెస్క్‌టాప్‌లో తెర మాత్రం ఇటు తెచ్చుకోండి. ఫైలు మధ్యలో ఉండగా వీపీఎన్ తెగితే డేటా పాడయ్యే భయం కూడా పోతుంది.

పాతచెట్టు
గాజు గురించి ఒక్క మాట చెప్పి వెళ్తా. 1966లో చార్లెస్ కావో, హాకమ్ అనే ఇద్దరు గాజు పోగులో సమాచారం పంపొచ్చని వ్యాసం రాసేనాటికి, దొరికే గాజులో నష్టం కిలోమీటరుకి వెయ్యి డెసిబెల్స్ దరిదాపుల్లో ఉండేది. అంటే ఏమీ అవతలికి చేరనట్టే. అది 20కి దిగితే పనికొస్తుంది, లోపం గాజుది కాదు, అందులోని మలినాలది అన్నారు వాళ్ళు. 1970లో కార్నింగ్ వాళ్ళు 20 కంటే తక్కువ తెచ్చారు. కావోకి నోబెల్ వచ్చింది 2009లో. ఇప్పుడు మీరు వేస్తున్న పోగులో 1310 దగ్గర 0.4 కూడా ఉండదు.

కొత్తమొక్క
ఆరు వారాల తర్వాత వచ్చాను. జరిగింది చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది. పోయిన వానాకాలం మాడిన స్విచ్ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను, దాంతో మాట్లాడే పని తప్పింది. 12 పోగుల సింగిల్ మోడ్, లోహం లేనిది. పైపులో రెండు చోట్ల మట్టి కూరుకుపోయింది, అక్కడ తవ్వాల్సి వచ్చింది. మూడు రోజులు దానికే. చివర్లలో వెల్డింగ్, అదే ఫ్యూజన్ స్ప్లైసింగ్, ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది.

మొదటి రోజు లింకు రాలేదు. రెండు వైపులా మాడ్యూళ్ళు మార్చాం, స్విచ్ మార్చాం, టెన్షన్‌తో చెమటలు. చివరికి తీగలపని గారి పాత పోస్టు ఒకటి వెతికి చదివితే, ఒక వైపు పంపేది రెండో వైపు వినేదానిలోకి వెళ్ళాలని ఉంది. జంటలో రెండు కొసలూ తిరగేసి పెట్టగానే పచ్చ లైటు! అంతకుముందే కాంట్రాక్టర్ "దూరం కదా, శక్తిమంతమైనది ఉండాలి" అని 80 కిలోమీటర్ల మాడ్యూళ్ళు తెచ్చాడు, వాటిని మాత్రం వాపసు పంపించా.

ఇప్పుడు 10 కిలోమీటర్ల ఎల్‌ఎక్స్ మాడ్యూళ్ళు. స్విచ్‌లో చూస్తే పంపేది −6.1, అవతల అందేది −7.9 డీబీఎం.

తీగలపని
1.8 నష్టం. బాగుంది. రిసీవర్ −19 దాకా వినగలదు, మీకు 11 డెసిబెల్స్ చేతిలో ఉన్నాయి. ఈ అంకెల్ని కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకి అంటించండి. ఏడాది తర్వాత −12 కనిపిస్తే ఎక్కడో వంగిందనో, కనెక్టర్‌కి దుమ్ము పట్టిందనో తెలుస్తుంది.

80 కిలోమీటర్లవి పంపేయడం మంచి పని. అర కిలోమీటరుకి అవి పెడితే ఎదుటివాడి చెవిలో మైకు పెట్టి అరిచినట్టే. రిసీవర్ గింగిరాలెత్తిపోతుంది, పాడవ్వచ్చు కూడా.

కొత్తమొక్క
అడ్రసులు రూటింగ్‌రాక్షసుడు గారు చెప్పినట్టే 10.1, 10.2 చేశాం. ఒక ఆదివారం మొత్తం పట్టింది, ప్రింటర్లే ఏడిపించాయి.

ఇంకో ఘనకార్యం కూడా చెప్పాలి. పాత నారింజ కేబుల్‌ని బ్యాకప్ చేద్దామని రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్ వెలుగుని రాగి సిగ్నల్‌గా మార్చే డబ్బాలు) పెట్టి, రెండు స్విచ్‌లకీ తగిలించాను. అర నిమిషంలో అన్ని స్విచ్‌ల లైట్లూ పిచ్చెక్కినట్టు ఒకేలా కొట్టుకున్నాయి. రెండు బిల్డింగులూ బంద్. కేబుల్ పీకేయగానే మామూలైంది.

రూటింగ్‌రాక్షసుడు
స్వాగతం, ఇప్పుడు మీరూ మాలో ఒకరు 😀 దాన్నే లూప్ అంటారు. ఒక బ్రాడ్‌కాస్ట్ కొత్త ఫైబర్‌లో వెళ్ళి, పాత ఫైబర్‌లో తిరిగొచ్చి, మళ్ళీ వెళ్తుంది. ఆపేవాడు లేడు.

కానీ మీరు రూట్ చేశాను అన్నారు కదా, లూప్ ఎలా వచ్చింది? కన్వర్టర్‌ని రెండు వైపులా ఏ పోర్టులో పెట్టారు?

కొత్తమొక్క
ఖాళీగా ఉన్న పోర్టులో... రెండు వైపులా మొదటి వీల్యాన్‌లోనే. ఆ మొదటి వీల్యాన్‌నే ఫైబర్ మీద కూడా పంపిస్తున్నాం, స్విచ్‌ల మేనేజ్‌మెంట్ కోసం.

రూటింగ్‌రాక్షసుడు
దొరికింది. ఆ వీల్యాన్‌ని ఫైబర్ మీదినుంచి తీసేయండి, స్విచ్‌ల మేనేజ్‌మెంట్‌కి కూడా ఏ బిల్డింగుకి ఆ బిల్డింగ్ అడ్రసులే ఇవ్వండి. బ్యాకప్ పోర్టుని కూడా రూటెడ్ పోర్టు చేసి దానికి వేరే చిన్న అడ్రసు జత ఇవ్వండి. స్పానింగ్ ట్రీ (లూప్‌ని పసిగట్టి ఆపేది) అన్ని స్విచ్‌లలో ఆన్‌లో ఉందో లేదో చూడండి, బహుశా మీది ఆఫ్‌లో ఉండి ఉంటుంది, లేకపోతే అదే ఆపేది.

ఇంకో గోతి ఉంది. మామూలు స్టాటిక్ రూట్ (చేత్తో రాసిన దారి) పెట్టి "ప్రధాన లింకు పోతే బ్యాకప్" అనుకుంటారు. ప్రధాన ఫైబర్ తెగితే స్విచ్ పోర్టు వెంటనే పడిపోతుంది కాబట్టి అటువైపు సరే. కానీ మీడియా కన్వర్టర్ ఉన్న వైపు, అవతల ఫైబర్ తెగినా కన్వర్టర్‌కీ స్విచ్‌కీ మధ్య రాగి లింకు బతికే ఉంటుంది. స్విచ్‌కి ఆ సంగతి తెలియదు. చచ్చిన దారిలోకి ప్యాకెట్లు తోస్తూనే ఉంటుంది. కన్వర్టర్‌లో లింక్ ఫాల్ట్ పాస్ త్రూ (ఫైబర్ తెగితే రాగి లింకుని కూడా దించేది) అనే మీట ఉంటే ఆన్ చేయండి. ఇంకా మేలు, ఓఎస్‌పీఎఫ్ పెట్టండి. అది కొన్ని సెకన్లకోసారి ఎదుటివాడిని పలకరిస్తుంది, పలక్కపోతే దారి మారుస్తుంది. పాత దారికి కాస్ట్ ఎక్కువ పెడితే చాలు.

కొత్తమొక్క
పెట్టాం. నిన్న సాయంత్రం అందరూ వెళ్ళాక ప్రధాన ఫైబర్ చేత్తో ఊడబీకి చూశాను. పింగ్‌లో రెండు పోయాయి, తర్వాత మళ్ళీ మొదలైంది. ఫోన్‌లో మా వాచ్‌మన్‌తో మాట్లాడుతూనే ఊడబీకా, ఆయనకి "ఆఁ?" అనేంత సేపు మాత్రమే గొంతు ఆగింది. 12 కెమెరాలు ఒక్కోటి 4 మెగాబిట్లు లెక్కన 48, ఆ 100 మెగాబిట్ బ్యాకప్‌లో సర్దుకుపోయాయి.

తీగలపని
తిరిగి తగిలించే ముందు కనెక్టర్ తుడిచారా?

కొత్తమొక్క
...లేదండీ. ఇప్పుడే వెళ్ళి చూస్తే అందేది −9.4 చూపిస్తోంది.

తీగలపని
తుడవండి. పొడి క్లీనర్‌తో, చొక్కా అంచుతో కాదు.